ఇప్పలొర్రె మలుపు

ఓదెలు బండి మీద నిద్రపోయేవాడు. అది నేను అల్లిన కథ అని మా కాలనీలో ఎవరైనా మీతో అంటే వినకండి. నేను అల్లినవి వేరే ఉన్నాయి. అవి వచ్చినప్పుడు మీకే తెలిసిపోతుంది.

బొగ్గుగనిని మా గోదావరిఖని వైపు బాయి అంటారు. రాత్రి షిఫ్టు చేసి పొద్దున్నే బాయిలోంచి పైకి వచ్చినవాడి నిద్ర అందరి నిద్రలాంటిది కాదు. మామూలు మనిషికి నిద్ర కళ్ల మీదికి దిగుతుంది. మావాళ్లకు అది మోకాళ్ల దగ్గర మొదలై, బాయిలో నీళ్లు ఊరినట్టు నెమ్మదిగా పైకి వస్తుంది. నడుము దాకా వచ్చేసరికి మనిషి దీపం అప్పగించి, మొహం కడుక్కొని, బండి స్టార్టు చేస్తాడు. గొంతు దాకా వచ్చేసరికి రోడ్డెక్కుతాడు. ఆపైన ఇల్లు చేర్చేది మనిషో బండో చెప్పడం కష్టం.

ఓదెలుకు యాభై దాటాయి. పొట్టి మనిషి. మెడ ఉందా లేదా అనిపించే భుజాలు, చెవుల మీద తెల్ల వెంట్రుకలు. రామగిరి వైపున్న ఒక పాత బాయిలో హాలేజి డ్రైవరు. భూమి లోపల బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడుతో లాగే యంత్రమే హాలేజి. తాడు అవతలి కొస ఎక్కడో చీకట్లో ఉంటుంది. అక్కడి మనిషి కనపడడు, అతని కేక వినపడదు. గంట ఒక్కటే వినపడుతుంది. మా బాయి అలవాటు ప్రకారం ఒక గంట కొడితే ఆపమని, రెండు కొడితే కిందికి వదలమని, మూడు కొడితే పైకి లాగమని. ఏళ్ల తరబడి ఆ గంటల మధ్య కూర్చున్న ఓదెలు చేతులు ఇప్పుడు ఓదెలును అడిగి పని చెయ్యవు. గంట వింటాయి, చేసేస్తాయి. ఒకసారి గుడికి పోయినప్పుడు ఎవరో గంట ఒక్కసారి కొట్టగానే, గడపకు ఇవతల ఒక కాలు అవతల ఒక కాలు పెట్టి ఆగిపోయాడు. వెనక జనమంతా వరసగా ఆగిపోయారు. పూజారి వచ్చి మూడు కొడితే గానీ లోపలికి రాలేదు. ఇది మాత్రం నేను అల్లిందే.

అతని బండి నల్లది, పాతది. ఆదివారం పొద్దున క్వార్టర్ ముందు గోనెసంచి పరుచుకొని దాని పక్కన చేరేవాడు. మా గాలిలోనే బొగ్గుపొడి ఉంటుంది కాబట్టి ఎయిర్ ఫిల్టర్ విప్పి నేలకేసి తట్టితే చిన్న నల్ల మబ్బు లేచి, కాసేపు ఎటు పోవాలో ఆలోచించి, పక్కింటి వైపు పోయేది. చైనును కిరోసిన్‌తో కడిగి, గుడ్డతో తుడిచి, చెవిలో మందు వేసినట్టు ఆయిలు చుక్క చుక్కగా వేసేవాడు. బ్రేకులు నొక్కి చూసేవాడు, టైర్ల గాలి చూసేవాడు, ఇండికేటర్లు అటొకటి ఇటొకటి వెలిగించి చూసేవాడు. అతని భార్య సమ్మవ్వ గడపలో కూర్చొని చిక్కుడుకాయలు తుంచుతూ ఇదంతా చూసేది.

"నా మోకాలు నొస్తాందంటే ఒక్కనాడన్న గిట్ల చమురు వెట్టినవా?"

"నీ మోకాలు సప్పుడు చేస్తలేదు కదనే."

"చేస్తలేదా? చేసే యాళ్లకు నువ్వు డ్యూటీల ఉంటివి, నీకేం ఎర్క."

ఆ బండి హ్యాండిల్ అతను ఎవరికీ ఇచ్చేవాడు కాదు. కన్న కూతురి మొగుడు అడిగినా టైరులో గాలి లేదనేవాడు. మెకానిక్ మొయినుద్దీన్ రిపేరు చేశాక ట్రయల్ కొట్టాలంటే ఓదెలును వెనక ఎక్కించుకొని పోవలసిందే.

రాత్రి షిఫ్టు వాళ్లు మా వైపు ఇద్దరికొక బండిగా పోయి వస్తారు. ఆ జోడీలకు ఒక కట్టుబాటు ఉంది. లైసెన్సు పరీక్షలో దాని గురించి ఎవరూ అడగరు కానీ బాయి మీద అందరికీ తెలుసు. ముందు కూర్చున్నవాడిది హ్యాండిల్, వెనక కూర్చున్నవాడిది నోరు. ఇల్లు చేరేదాకా వెనకవాడు మాట్లాడుతూ ఉండాలి. పాట పాడవచ్చు, తిట్టవచ్చు, పొరుగింటి గొడవ చెప్పవచ్చు. నిద్ర మాత్రం పోకూడదు. వెనక నిద్రపోయి దొరికినవాడికి బాయి ముందున్న టీ కొట్టులో బల్ల మీద ఎవరూ జరిగి చోటివ్వరు. గ్లాసు పట్టుకొని నిలబడే తాగాలి.

చాలా ఏళ్లు ఓదెలు వెనక కూర్చున్న నోరు నాది. నేను అదే బాయిలో దీపాల గదిలో పని చేశాను. కాన్వెంటులో సిస్టర్లు ప్రార్థనలు బట్టీ పట్టించిన అలవాటు కొద్దీ, రోడ్డు రూల్సు పుస్తకం కూడా నాకు కంఠస్థం. మొదట్లో అదే అప్పజెప్పేవాణ్ని. ఎడమ పక్కనే పోవాలి, మలుపులో ముందు బండిని దాటవద్దు, వెనక కూర్చున్నవాడూ హెల్మెట్ పెట్టుకోవాలి. మూడో రూలు పూర్తయ్యేలోగా హెల్మెట్‌లోంచి సన్నగా గురక వినిపించేది. మంచి మాటలతో మనిషిని మేలుకొల్పడం కష్టమని అప్పుడు తెలిసి, దారి మార్చాను.

"ఓదెలూ, నిన్న బసంత్‌నగర్ కాడ ఏమైందో ఎర్కనా? పులి లిఫ్టు అడిగిందట."

"ఎవల్నే?"

"స్కూటరాయన్ని."

"ఎక్కిచ్చుకున్నడా?"

"లే. హెల్మెట్ లేదని దించిండు. పాపం, గోదావరి దాక నడిచే పోయింది."

ఓదెలు భుజాలు ఊగేవి. నవ్వేవాడికి నిద్ర పట్టదు. అబద్ధాలాడేవాళ్లు ఎక్కడికి పోతారో సిస్టర్లు చెప్పారు. బండి నడిపేవాణ్ని మేలుకొల్పడానికి ఆడే అబద్ధం సంగతి వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు.

అన్నిటికన్నా పెద్ద అబద్ధాన్ని ఒక మలుపు కోసం దాచుకునేవాణ్ని.

బాయి నుంచి వచ్చే రోడ్డు ఒకచోట కుడికి ఒంగి, నేలను పైనుంచే గొయ్యిగా తవ్వే ఓపెన్ కాస్టు గని చుట్టూ తిరిగి గోదావరిఖని వైపు పోతుంది. ఆ ఒంపులోనే ఎడమకు ఒక పాత తారు రోడ్డు చీలుతుంది. దాని మీద కొంత దూరం పోతే మట్టికట్ట, ముళ్లకంచె. అవతల ఏమీ లేదు. ఒకప్పుడు అక్కడ ఇప్పలొర్రె అనే ఊరు ఉండేది. ఓదెలు పుట్టిన ఊరు, సమ్మవ్వ రామకృష్ణాపూర్ నుంచి కోడలిగా వచ్చిన ఊరు. ఊరి కింద బొగ్గు ఉంది. ఊరివాళ్లకు వేరే చోట జాగాలు ఇచ్చారు. ఇళ్లు కూలాయి, యంత్రాలు వచ్చాయి, పైనున్న మట్టి గుట్టలుగా లేచింది, కిందున్న బొగ్గు రైలెక్కింది. ఇప్పుడు ఊరున్న చోట ఉన్నది గాలి. ఓదెలు వాళ్ల ఇంటి గడప ఉండిన ఎత్తులో గద్దలు తిరుగుతాయి.

ఆ ఊరు ఓదెలుకు బండి మీదే కలలోకి వచ్చేది. మంచంలో పడుకుంటే కలా లేదు ఏమీ లేదు, మొద్దు నిద్ర. రాత్రి షిఫ్టు దిగి, మలుపు దగ్గరికి వచ్చి, చల్లగాలి కంటి రెప్పల మీద కూర్చున్నప్పుడే వచ్చేది. టీ కొట్టు దగ్గర నాకు చెప్పేవాడు.

"రెప్ప వాల్తె సాలు కాకా, తొవ్వ తెరుసుకుంటది. ఇయ్యాల కుమ్మరోల్ల ఇల్లు దాక పోయిన. కుండల వామి కాల్తాంది. పొగ వాసన గూడ వచ్చింది."

మర్నాడు కుమ్మరివాళ్ల ఇంటి దగ్గర మొదలై కల్లు మండువ దాకా పోయేవాడు. ఆ మర్నాడు మండువ దగ్గర మొదలయ్యేది. ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మళ్లీ. ఆ ఊళ్లో ఎండ ఎప్పుడూ ఒకేలా ఉంటుందట, పొద్దు వాలడానికి ఇంకా చాలా సేపు ఉన్నప్పటి ఎండ. కుక్కలు మొరగవట. తెలిసిన బండి అన్నట్టు తోకలూపి పక్కకు జరుగుతాయట. అలా అలా ఒకనాటికి తన వాకిట్లోకి చేరాడు. తలుపు మూసి ఉంది. లోపల వాళ్లవ్వ బియ్యం చెరుగుతోంది. చాట చప్పుడు వినపడుతోంది. అవ్వ అంటే అతని తల్లి. ఊరు ఖాళీ కాకముందే చనిపోయిన మనిషి.

"నువ్వు అరువకపోతె తలుపు కొట్టేటోన్నే," అన్నాడు నా మీద కొంచెం కోపంగా.

"నేను అరువకపోతె నిన్ను క్రేనుతోని పైకి తీసేటోల్లు."

"గదీ నిజమే," అని టీ ఊదుకున్నాడు.

అందుకే మలుపు వచ్చే ముందు నా గొంతు మొత్తం వాడేవాణ్ని. ఒకనాడు గోదావరి వెనక్కి పారుతోందని అరిచాను. ఇంకోనాడు సమ్మవ్వ సర్పంచిగా గెలిచిందని అరిచాను. అతను ఉలిక్కిపడి కళ్లు తెరిచేవాడు, బండి కుడికి ఒంగేది, ఇప్పలొర్రె మా ఎడమ చేతి వైపు మంచులో మిగిలిపోయేది.

తర్వాత నేను రిటైరయ్యాను. వెనక సీటు ఉపేందర్‌కు వచ్చింది. తండ్రి ఉద్యోగం అందుకున్న మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి. హాలేజి తాడు వెంట నడిచి గంట కొట్టే పని అతనిది. మంచివాడే కానీ మాటలను ఎక్కడో దాచిపెట్టి ఎక్కడ పెట్టాడో మరిచిపోయినట్టుండేవాడు. అలాంటివాడు వెనక కూర్చుంటే ఒకే బండి మీద రెండు నిద్రలు ప్రయాణం చేస్తాయి.

ఒకరోజు సమ్మవ్వ మా ఇంటికి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"కాకా, నీ జాగల కూసున్నాయన మాట్లాడుతడా?"

"ఎందుకు అడుగుతున్నవ్?"

"ఈయన అంగీ ఎనుక పొద్దుగాల తడి ఉంటాంది. చెమట అనుకున్న. ఇయ్యాల సరిగ్గ చూసిన. చెమట గాదు, సొంగ."

నేను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగాను.

"గా మలుపు సంగతి నాకెర్క కాకా. నిద్రల అవ్వతోని మాట్లాడుతడు. బండి అమ్మెయ్యి, ఆటోల పోదువు అన్న. దాన్ని అమ్ముడు కంటె నన్నే అమ్ముకో అన్నడు. గీయన్ని ఎవలు కొంటరు చెప్పు?"

"మరి ఉపేందర్‌ను ముందు కూసోవెట్టరాదు?"

"హ్యాండిలా? పెండ్లినాడు తాళి కట్టెటప్పుడు గూడ అంత గట్టిగ పట్టుకోలే నన్ను," అంది సమ్మవ్వ.

ఆ సాయంత్రమే ఓదెలుతో మాట్లాడాను. నాకేం కాదు కాకా, బండికి తొవ్వ తెలుసు అన్నాడు. బండికి ఏ తొవ్వ తెలుసో చెప్పమంటే సీటు తుడవడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు పుష్యమాసంలో మంచు బాగా దిగింది. మా వీధిలో ఒకాయన దండెం తెగిపోతే లుంగీని మంచు మీదే ఆరేశాడు. పొద్దెక్కాక కింద పడింది. అలాంటి ఒక పొద్దున ఓదెలు, ఉపేందర్ షిఫ్టు దిగి బయల్దేరారు. ఇక్కడి నుంచి నేను చెప్పేది ఉపేందర్ నాకు చెప్పింది. ఇందులో నేనేమీ కలపలేదు, కలపడానికి చోటూ దొరకలేదు.

ఉపేందర్ ఎప్పటిలాగే ఓదెలు వీపు మీద చెంప ఆనించి నిద్రపోయాడు. అతన్ని లేపింది చప్పుడు కాదు, చప్పుడు మారడం. తారు మీద టైర్లు చేసే సన్నటి ఈల ఆగిపోయి, మట్టి మీద పోయే మెత్తటి రాపిడి మొదలైంది. కళ్లు తెరిస్తే అంతా తెలుపు. ఎడమ మోచేతికి ఏదో గీసుకుంది. చూస్తే ముళ్లకంచె. ఎక్కడున్నాడో అతనికి ఒక్కసారిగా అర్థమైంది. మట్టికట్టలో మేకలవాళ్లు మేత కోసం ఒక గండి చేసుకున్నారు. మేకలు పట్టే గండిలో బండీ పట్టింది.

"అన్నా! ఓదెలన్నా! ఆపే!"

ఓదెలు వినలేదు. వీపు నిటారుగా, హాయిగా ఉంది. సొంత వీధిలో పోతున్నవాడి వీపు. ఉపేందర్ భయంతో ఆ వీపు మీద చరిచాడు. టప్, టప్, టప్.

మూడు. బండి మూలిగి ముందుకు ఉరికింది.

ఉపేందర్ ఇంకా భయపడి మళ్లీ చరిచాడు. మళ్లీ మూడే. మనిషికి భయం వేస్తే ఎందుకో మూడు సార్లే కొడతాడు. ఓదెలు చేయి యాక్సిలరేటర్‌ను ఇంకాస్త తిప్పింది. చీకట్లో ఎవరో మూడు గంటలు కొడుతున్నారు, తాడు పైకి లాగాలి, అంతే. ఆ చేతికి మంచు తెలియదు, గొయ్యి తెలియదు. ఉపేందర్ తను కూడా అదే తాడుకు అవతలి కొసన పని చేసేవాణ్నని అప్పుడు గుర్తు తెచ్చుకున్నాడు. చెయ్యిని పైకి ఎత్తి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి కొట్టి, మళ్లీ కొట్టకుండా ఆ చెయ్యిని తన చంకలో బిగించుకున్నాడు.

బండి ఆగింది. రెండు బ్రేకులూ కలిపి, మెత్తగా, నిండు టబ్బును ఆపినట్టు ఆగింది.

ముందు చక్రం సగం గాలిలో వేలాడిందని నేను చాలామందికి చెప్పాను. అంచుకు ఇంకా రెండు బండ్లు పట్టేంత జాగా ఉందని ఉపేందర్ అంటాడు. ఈ ఒక్క విషయంలో అతన్నే నమ్మండి. ఇద్దరూ దిగలేదు. వాళ్ల ముందు మంచు కొంచెం కొంచెంగా కిందికి జారి, ఎక్కడో చాలా లోతున డంపర్ల పసుపు దీపాలు నీళ్లలో చేపల్లా కదలడం కనిపించింది. ఓదెలు హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎందుకు లేపినవ్ రా? అవ్వ తలుపు తీస్తుండె."

ఉపేందర్ దిగి, ఓదెలును కూడా దించి, బండిని రోడ్డు దాకా ఇద్దరూ తోసుకొచ్చారు.

ఆ మధ్యాహ్నం నేను మొయినుద్దీన్ షాపు దగ్గర కూర్చొని ఉన్నాను. ఓదెలు బండి తోలుకొని వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది. ఏం చెప్పాలనుకున్నాడో గాని చెప్పింది మాత్రం ఇది:

"బండి ఎడమకు గుంజుతాంది మొయినన్నా. జర చూడు."

మొయినుద్దీన్ ముందు చక్రం తిప్పాడు, ఫోర్కులు చూశాడు, హ్యాండిల్ బేరింగు కదిపి చూశాడు. ఓదెలును వెనక ఎక్కించుకొని బస్టాండు దాకా పోయి వచ్చాడు.

"సీదా ఉన్నది భాయ్. తీగ లెక్క పోతాంది."

"అయితే ఎడమకు తిరుగకుంట ఏదన్న అడ్డం వెట్టు. ఒక బోల్టు బిగియ్యి."

మొయినుద్దీన్ స్పానర్ కింద పెట్టి అతన్ని చూశాడు. "అరె యా అల్లా. ఎడమకు తిరగని బండి ఏడికి పోతది? మీ కాలనీ గేటు ఎడమకే ఉన్నది. జిందగీ మొత్తం చౌరస్తా చుట్టు తిరుగుతవా?"

నాకు నవ్వు వచ్చింది. ఓదెలుకు రాలేదు. మొయినుద్దీన్ గొంతు తగ్గించాడు.

"బండికి ఏం బీమారి లేదు ఓదెల్ భాయ్. నేను బండ్లకే దవా ఇస్త."

ఉపేందర్ చెప్పకపోయినా సంగతి సమ్మవ్వకు చేరింది. అరవలేదు, ఏడవలేదు. ఆదివారం పొద్దున అతను గోనెసంచి పరుస్తుంటే తీసి మడిచి పక్కన పెట్టింది. హెల్మెట్ పెట్టుకొని వచ్చి వెనక సీటు మీద చెయ్యి వేసింది.

"నడువు. నేను గూడ చూస్త, ఏమున్నదో గాడ."

ఎండలో, మేలుకొని, ఇండికేటర్ వేసి ఓదెలు ఆ మలుపులో ఎడమకు తిరగడం అదే మొదటిసారి. కంచె ఇవతల బండి ఆపి ఇద్దరూ నిలబడ్డారు. ఎదురుగా ఆకాశం నేల కిందికి కూడా దిగి ఉంది. మెట్లు మెట్లుగా కోసిన నేల, అడుగున బొమ్మల్లాంటి యంత్రాలు. మధ్యలో గాలి మీద ఒక గద్ద, రెక్క కదపకుండా.

"మన ఇల్లు ఏడుండె?" అంది సమ్మవ్వ.

"అగో, గద్ద తిరుగుతాంది సూడు. గాడ."

"గాడ కాదు. జర ఇటు. నువ్వు చూపిచ్చేది పశువుల కొట్టం."

"కొట్టం ఎనుకకు ఉండె గదనే."

"ఇంటి పని చేసింది నువ్వా నేనా? పేడ ఎత్తింది నేను. నాకెర్క, కొట్టం ఏడున్నదో."

అలా వాళ్లిద్దరూ ఆ ఖాళీలో ఊరు కట్టుకుంటూ పోయారు. కుమ్మరివాళ్ల ఇంటి దగ్గర తగాదా పడ్డారు, కల్లు మండువ దగ్గర రాజీ పడ్డారు. ఆవిడ వేలు ఎటు చూపితే అటు ఒక గోడ లేచింది, ఒక పందిరి నిలిచింది. పట్టపగలు ఎండలో, మంచు లేకుండా, నిద్ర లేకుండా అంత ఊరు కనపడుతుందని ఓదెలు అనుకోలేదు. చివరికి అన్నాడు:

"అవ్వ తలుపు దాక వచ్చింది సమ్మీ. గొళ్లెం తీసిన సప్పుడైంది. గింతల వాడు లేపిండు."

సమ్మవ్వ గద్ద మీది నుంచి చూపు తిప్పి అతని వైపు తిరిగింది.

"తీస్తె ఏమంటదో నాకెర్క. కోడలు పిల్లను ఏడ ఇడిచిపెట్టి వచ్చినవ్ రా అంటది. అప్పుడేం చెప్తవ్?"

అడుగున సైరన్ మోగింది. పేలుళ్లకు ముందు మోగే సైరన్. ఇద్దరూ వెనక్కి వచ్చి బండి ఎక్కారు. ఆ రోజు ఇంటి దాకా అతను ఎంత నెమ్మదిగా నడిపాడంటే, దారిలో ఒక గేదె దాటిపోయి వెనక్కి తిరిగి చూసింది. ఇది నా కల్పనా కాదా అన్నది మీ ఇష్టం.

మర్నాడు డ్యూటీకి పోయే ముందు ఓదెలు ఉపేందర్ ఇంటి ముందు బండి ఆపి, దిగి, తాళంచెవి అతని అరచేతిలో పెట్టాడు. పెట్టాక కూడా వేళ్లు వెంటనే వదల్లేదు.

"క్లచ్చు మీద చెయ్యి వెట్టుకోని తిరుగకు, ప్లేట్లు కాల్తయ్. రెండు బ్రేకులు కలిపి మెల్లగ వట్టు. బొగ్గు టిప్పరు ఎనుకనె పోకు, పెళ్ల వడ్తది. సైడు ఇచ్చేదాక ఆగు. గా మలుపు కాడ..."

అక్కడ ఆగిపోయాడు.

"కుడికి," అన్నాడు ఉపేందర్. "ఎర్కనే అన్నా."

అయితే కట్టుబాటు ఒకటి ఉంది కదా. వెనక కూర్చున్నవాడు నిద్రపోకూడదు. ఓదెలు వెనక కూర్చుంటే నిద్రపోకుండా ఉండే ప్రశ్నే లేదు. టీ కొట్టు బల్ల మీద దీని గురించి పెద్ద చర్చ జరిగింది. ముందున్నవానికీ నిద్ర అంటుకుంటుందని కొందరన్నారు. ఆ పొద్దుటి నుంచి నాకు బండి మీద నిద్రే వస్తలేదు, ఇంట్ల గూడ వస్తలేదు అని ఉపేందర్ మొరపెట్టుకున్నాడు. చివరికి ముందున్నవాడే మాట్లాడుతూ నడిపేటట్టు, వెనకున్నవాణ్ని పడిపోకుండా కట్టేటట్టు తీర్పు అయింది. సమ్మవ్వ తన పాత నేత చీర ఒకటి నిలువునా చింపి ఇచ్చింది. బల్ల మీద ఓదెలుకు చోటు దొరికింది.

అప్పటి నుంచి ఖని రోడ్డు మీద పొద్దున్నే ఒక వింత కనపడేది. ముందు ఉపేందర్, హ్యాండిల్ పట్టుకొని ఎడతెరిపి లేకుండా మాట్లాడుతూ. అన్నేళ్లుగా ఎక్కడో దాచిన మాటలన్నీ అతనికి అక్కడే దొరికాయి. పిల్లల చదువులు, పెళ్లాం పుట్టింటి సంగతులు, వాళ్ల నాన్న గురించి ఎవరికీ చెప్పనివి కూడా. వెనక ఓదెలు, హెల్మెట్ ఒక పక్కకు వాలి, ఎరుపు గళ్ల చీరతో నడుము దగ్గర ఉపేందర్‌కు కట్టబడి, నోరు కొంచెం తెరిచి. ఒకనాడు ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు.

"ఏందయ్యా ఇది, మనిషా సామానా?"

"మనిషే సార్. డ్యూటీ దిగిండు."

"కట్టినవేంది?"

"లేకుంటె ఊరికి పోతడు సార్."

కానిస్టేబుల్ ఇద్దరి హెల్మెట్లూ చూశాడు, కాగితాలు చూశాడు, నిద్రపోతున్నవాడి మొహం చూశాడు. ఏ రూలు కింద పట్టుకోవాలో తోచక, చీర ముడి చక్రంలో పడకుండా లోపలికి దోపి, మెల్లగా పొమ్మన్నాడు.

మలుపు దగ్గర మాత్రం ఉపేందర్ మాటలు ఆపేస్తాడు. అక్కడ వెనకున్న మనిషి బరువు నిద్రలోనే ఎడమకు ఒరుగుతుంది. మూట ఒరిగినట్టు కాదు, సైకిల్ తొక్కే పిల్లవాడు ఇంటి సందులోకి తిరిగేటప్పుడు ఒరిగినట్టు. ఉపేందర్ హ్యాండిల్‌ను కొంచెం గట్టిగా పట్టుకొని, రెండో గేరులోకి దించి, కుడికి పోతాడు. తొందరపడడు. వెనక ఏదో జరుగుతోందని, అది పూర్తి కావడానికి కొంత దారి కావాలని అతనికి తెలుసు.

మాఘం పోయి మంచు పలచబడిన ఒక పొద్దున, కాలనీ గేటు దగ్గర బండి నెమ్మదించగానే వెనక నుంచి గొంతు వినపడింది.

"తీసింది రా."

ఉపేందర్ బండి పక్కకు ఆపాడు. "ఎవలే? అవ్వనా? ఏమన్నది?"

"బూట్లు బయట ఇడువుమన్నది. అలికిన ఇల్లట."

"మరి లోపలికి పోయినవా?"

ఓదెలు చీర ముడి విప్పుకుంటూ ఆవులించాడు.

"బూట్ల తాళ్లు ఇప్పుతాంటనే క్వార్టరొచ్చె."